నగర్‌నార్ నుంచి విశాఖకు: చిన్న కారా, పెద్ద బండా?

జగదల్‌పూర్ పట్టణం విడిచి 63వ జాతీయ రహదారి మీద ఒడిశా దిక్కుకు సాగితే, సుమారు 16 కిలోమీటర్ల దూరంలో నగర్‌నార్ వస్తుంది. ఒకప్పుడు వరిచేల నడుమ ఒదిగి ఉండిన ఈ గ్రామం పక్కన నేడు ఏటా 30 లక్షల టన్నుల ఉక్కు తీయగల కర్మాగారం నిలిచి ఉన్నది. హైదరాబాదు ప్రధాన కార్యాలయంగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ దీనిని నిర్మించింది. 2023 అక్టోబరు 3న ప్రధానమంత్రి దీనిని జాతికి అంకితం చేశారు. బస్తరుకూ తెలుగునాటికీ నడుమ రాకపోకలు కొత్తవి కావు. బస్తరు రాజవంశం తన మూలాన్ని ఓరుగల్లు కాకతీయులలో చూసుకుంటుంది. బైలదిల్లా కొండల ఇనుపరాయి 1960వ దశకం చివరినుంచీ రైలెక్కి విశాఖ రేవుకు చేరుతూనే ఉన్నది. కర్మాగారంలో ఎర్రగా కాగిన ఉక్కు పలకలుగా సాగి, చుట్టలు చుట్టుకొని బయటికి వస్తుంది. అటువంటి ఉక్కే మరికొన్ని మెరుగులు దిద్దుకొని, ఎక్కడో ఒకచోట కారు తలుపు అవుతుంది, కప్పు అవుతుంది, బరువైన బండికి అడుగున చట్రమవుతుంది.

ఉక్కు చేసే చోట పనిచేసే కుటుంబానికీ కారు కొనుక్కునే వేళ వస్తుంది. అటువంటి తెలుగు కుటుంబాన్ని ఒకదానిని ఊహించుకుందాం. భార్యాభర్తలు, పన్నెండేళ్ళ కూతురు, ఎనిమిదేళ్ళ కొడుకు, మోకాళ్ళ నొప్పులతో బాధపడే తల్లి: మొత్తం ఐదుగురు. ఏడాదికి నాలుగుసార్లయినా ఆ తల్లిని విశాఖపట్నంలో డాక్టరుకు చూపించాలి. రైలు ఉన్నది కాని, వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడి ఆ మార్గం మూతపడిన సందర్భాలు లేకపోలేదు. పైగా మోకాళ్ళు వంగని మనిషికి స్టేషను మెట్లే ఒక ఘాటు. కనుక రోడ్డు ప్రయాణమే గతి. కోట్‌పాడ్, బొరిగుమ్మ, జయపురం మీదుగా కొరాపుట్ ఎక్కాలి. అక్కడినుంచి సెమిలిగుడ, సుంకి దాటి, మెలికల ఘాటు రోడ్డులో సాలూరుకు దిగాలి. ఆపైన రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం. అంతా కలిపి 300 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఏడెనిమిది గంటలు ఐదుగురూ ఒక ఇనుపపెట్టెలో కూర్చోవాలి.

ఆ పెట్టె ఎంత పెద్దదిగా ఉండాలన్నది ప్రశ్న. ఇరుగుపొరుగువారి సమాధానం ఏకకంఠంగా ఉంటుంది: "పెద్ద బండి తీసుకోండి, సుఖంగా పోవచ్చు." దేశమంతా అదే మాట మీద ఉన్నట్టున్నది. కార్ల తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2024-25లో అమ్ముడైన ప్రయాణికుల వాహనాలలో దాదాపు 65 శాతం ఎస్‌యూవీలూ, వాటి కోవకు చెందిన బహుళ వినియోగ వాహనాలూ. పదిహేనేళ్ళ కిందట మధ్యతరగతి కలలో కనిపించిన చిన్న కారు ఇప్పుడు "ఇంకా అదేనా?" అనిపించుకొనే స్థితికి వచ్చింది.

అయితే బయటి పరిమాణం వేరు, లోపలి వైశాల్యం వేరు, సుఖం మరీ వేరు. ఈ మూడింటినీ ఒకటిగా భావించి అమ్మేవారికి అది లాభం. కొనేవారికి మాత్రం ఐదారేళ్ళ వాయిదాల సంగతి.

ప్రతి కారూ ఒకే కప్పు కింద రెండు కాపురాలు ఉన్న ఇల్లు వంటిది. ఒక వాటా యంత్రాలది: ఇంజను, గేరుపెట్టె, చక్రాలు, ఇంధనపు ట్యాంకు. రెండో వాటా మనుషులది. ఇల్లు ఎంత పెద్దదన్నది కాదు, యంత్రాలు ఎంత సర్దుకొని కాపురం చేస్తున్నాయన్నదే మనుషుల వాటాను నిర్ణయిస్తుంది. ఈ రహస్యాన్ని లోకానికి తేటతెల్లం చేసినవాడు అలెక్ ఇసిగోనిస్.

1956లో సూయజ్ కాలువ సంక్షోభం వచ్చి బ్రిటనులో పెట్రోలుకు రేషను విధించారు. అప్పుడు బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లియొనార్డ్ లార్డ్, తక్కువ పెట్రోలు తాగే నిజమైన చిన్న కారు కావాలని ఇసిగోనిస్‌ను ఆదేశించాడు. ఇసిగోనిస్ ఒక పెట్టెను ఊహించుకున్నాడు: పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ఆ పది అడుగులలో ఆరు అడుగులు మనుషులకే చెందాలన్నది నియమం. మిగిలిన నాలుగడుగులలో యంత్రమంతా ఎలా ఇముడుతుంది? అంతవరకు చాలా కార్లలో ఇంజను నిలువుగా, అంటే ముందునుంచి వెనుకకు ఉండేది. ఆయన దానిని అడ్డంగా తిప్పి పెట్టాడు. గేరుపెట్టెను ఇంజను కిందనే, దాని నూనె పాత్రలోనే దాచాడు. వెనుక చక్రాలకు బదులు ముందు చక్రాలకు శక్తినిచ్చాడు. అందువల్ల కారు నడుమ నేలమీద గుట్టలా లేచే పొడవాటి దండం అవసరం లేకపోయింది. చక్రాలను పది అంగుళాలకు కుదించి, వాటిని నాలుగు మూలలకూ తరిమాడు. 1959 ఆగస్టులో వెలువడిన ఆ కారే 'మినీ'. నలుగురు పెద్దవాళ్ళు అందులో నిజంగానే కూర్చోగలిగారు. అయితే ఇసిగోనిస్‌కు మెత్తని సీట్లంటే పడేది కాదు, సుఖం ఎక్కువైతే డ్రైవరు మగతలో పడతాడని ఆయన భావం. చోటు ఇవ్వడం ఒక విద్య, సుఖం ఇవ్వడం ఇంకో విద్య అన్న తేడా ఆయన కారులోనే కనిపిస్తుంది.

నేటి చిన్న కార్లలో దాదాపు అన్నీ, ఎస్‌యూవీలని పిలువబడుతున్న వాటిలో చాలా భాగమూ, ఆ అడ్డం ఇంజను సంతానమే.

మన దేశంలో ఈ పాఠాన్ని రెండు తరాలు ఒళ్ళు నొప్పులతో నేర్చుకున్నాయి. అంబాసిడరు పొడవు 4.3 మీటర్లు, ఎత్తు 1.6 మీటర్లు. ముందు కూడా సోఫా వంటి ఒకే సీటు, పాత మోడళ్ళలో గేరు స్టీరింగు పక్కనే. పెళ్ళివారు ఎనిమిదిమంది ఎక్కినా అది కాదనేది కాదు. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ తొలి మారుతి 800 తాళాలు అందజేసినప్పుడు దేశం ఆ భారీ ఆసనం నుంచి ఒక్కసారిగా 3.3 మీటర్ల పెట్టెలోకి మారింది. దాని వెడల్పూ తక్కువే. ముగ్గురు పెద్దలు వెనుక కూర్చుంటే ఒకరి భుజం మరొకరి భుజం మీద ఎక్కేది. అయినా పొడవులో పోయినదానితో పోలిస్తే లోపల పోయింది స్వల్పమే. సన్నని రేకు, పలుచని తలుపులు, అడ్డం ఇంజను దానికి కారణం. ఈ సంగతి మరిచిపోరాదు: ఆ కాలపు చోటులో కొంత భాగం భద్రతను తగ్గించి ఇచ్చినదే. 2017 అక్టోబరునుంచి కొత్త మోడళ్ళకు ముందునుంచీ పక్కనుంచీ ఢీకొట్టి చూసే పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. తలుపులలో అడ్డదూలాలు చేరాయి, తలుపులు మందమయ్యాయి. అందుకే వెడల్పు లెక్కలలో మోసపోవడం తేలిక. నేటి వ్యాగన్ ఆర్ వెడల్పు 1,620 మి.మీ., నెక్సాన్ వెడల్పు 1,804 మి.మీ. తేడా 184, అంటే దాదాపు జానెడు. కాని ఆ జానెడంతా భుజాలకు దక్కదు. కొంత తలుపుల మందానికీ, చక్రాల మీది ఉబ్బుకూ, చూపులకు కండ దేలినట్టుండే అంచులకూ పోతుంది. మిగిలింది మాత్రం వెనుక సీటు నడుమ కూర్చునేవాడికి ప్రాణప్రదమే. ఆ ఒక్క విషయంలో పెద్ద బండి గెలుపు నిజమైనది.

చోటు విద్యలో మన దేశపు పరాకాష్ఠ నానో. ఇంజనును వెనుక సీటు కిందికి నెట్టి, ముందు భాగాన్ని మనుషులకు వదిలారు. 3.1 మీటర్ల పొడవుతో అది మారుతి 800 కంటె పొట్టిది. లోపలి ఘనపరిమాణం మాత్రం 21 శాతం ఎక్కువని దాని తయారీదారులు ప్రకటించారు. తల తగిలేది కాదు, మోకాళ్ళు తగిలేవి కావు. 2009లో రోడ్డెక్కిన ఆ కారు 2018కల్లా ఆగిపోయింది. సామాను పెట్టే చోటు దాదాపు లేకపోవడం ఒక లోపం. అంతకంటె పెద్ద లోపం, అది లోకంలోకెల్లా చౌక కారుగా పేరుపడడం. బావగారి ఇంటిముందు చౌక కారు దిగడానికి ఎవరికి మనసొప్పుతుంది? చోటును టేపుతో కొలవవచ్చు గాని, మర్యాదను కొలిచే టేపు లేదు. ఎస్‌యూవీ అమ్మకాల వెనుక ఉన్న శక్తి ఇదే. దానిని నవ్వి తీసివేయడం తగదు. అయితే మర్యాదకు ఇచ్చే సొమ్మును వైశాల్యానికి ఇస్తున్నామని భ్రమపడకుండా ఉంటే చాలు.

పొడవులో దొరకని చోటును ఎత్తులో వెదకవచ్చునని జపానువారు కనిపెట్టారు. అక్కడ 'కేయి' అనే చిన్న కార్ల వర్గానికి పన్ను రాయితీలు ఉన్నాయి. 1998నుంచి వాటి పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు మించరాదు. ఎత్తు మాత్రం రెండు మీటర్ల దాకా అనుమతించారు. చట్టం వదిలిన ఆ ఒక్క దిక్కులోకి ఇంజనీర్లు పెరిగారు. 1993లో సుజుకీ కంపెనీ అక్కడ తెచ్చిన వ్యాగన్ ఆర్ ఆ ఆలోచనకు తొలి విజయం. దాని పేరుతో కొంచెం పెద్ద కారు 1999లో మన దేశానికి వచ్చింది. మనిషి కాళ్ళు చాచి చాపమీద కూర్చున్నట్టు కూర్చుంటే పొడవు కావాలి, కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటే ఎత్తు ఉంటే చాలు. సీటును ఎత్తు చేస్తే మోకాలు కిందికి వంగుతుంది, పాదం దగ్గరికి వస్తుంది, అదే పొడవులో ఇంకొకరికి చోటు మిగులుతుంది. కార్ల రూపశిల్పులు అన్నిటికంటె ముందు కాగితం మీద గుర్తుపెట్టేది మనిషి తుంటి కీలు ఎక్కడ ఉంటుందన్న బిందువునే. తలకూ, మోకాళ్ళకూ, పాదాలకూ చోటును అక్కడినుంచే కొలుస్తారు.

ఇక పెద్ద బండి నిర్మాణం చూద్దాం. ఎస్‌యూవీ అన్న ఒకే పేరు కింద నేడు రెండు జాతులు తిరుగుతున్నాయి. ఒకటి జీపు వంశం. అడుగున నిచ్చెనవంటి ఉక్కు చట్రం, దానిమీద విడిగా బిగించిన డొల్ల, వెనుక చక్రాలకు శక్తినందించే పొడవాటి దండం. బొలెరో, స్కార్పియో ఈ కోవకు చెందినవి. ఈ చట్రం పర్వతంలాంటి బరువును మోస్తుంది, గోతులను లెక్కచేయదు. కాని చట్రం మీద నేల, నేల మీద సీటు. కనుక బండి ఎంత ఎత్తున్నా ఆ ఎత్తులో మంచి భాగం కాళ్ళ కిందనే పోతుంది. బయట నిలబడి చూస్తే ఏనుగు అంబారీ, లోపల కూర్చుంటే మామూలు గది. రెండో జాతి కార్ల వంశమే. చిన్న కారు పునాది మీదే కట్టి, కప్పు లేపి, టైర్లు పెంచి, ముఖానికి గాంభీర్యం తెచ్చినవి. నేడు వీధులలో కనిపించే ఎస్‌యూవీలలో అధికభాగం ఇవే.

ఈ రెండో జాతిని అర్థం చేసుకోవడానికి ఒకే కంపెనీవారి బలేనో, ఫ్రాంక్స్‌లను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. మొదటిది చిన్న కారు. రెండవది దాని పునాది మీదే 2023లో ఎస్‌యూవీ రూపంలో వచ్చింది. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం రెండింటికీ ఒకటే, 2,520 మి.మీ. ఎత్తు 50 మి.మీ. పెరిగింది. డిక్కీ మాత్రం 318 లీటర్లనుంచి 308 లీటర్లకు తగ్గింది. అంతకంటె ఆశ్చర్యం, పొట్టిగా కనిపించే వ్యాగన్ ఆర్ డిక్కీ 341 లీటర్లు. ఎస్‌యూవీగా పేరొందిన బ్రెజాది 328.

ఈ లీటర్ల కొలత ఎలా వస్తుందో చాలామందికి తెలియదు. యూరపు పద్ధతిలో ఒక్కొక్కటి ఒక లీటరు ఘనపరిమాణం గల దిమ్మలను (20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం) డిక్కీలో పేర్చి లెక్కపెడతారు. 300 లీటర్లంటే అటువంటివి మూడువందలు పట్టాయన్నమాట. నీళ్ళు పోసి కొలిచిన కొలత కాదు. అయినా దిమ్మలు మూలమూలలా ఇముడుతాయి గాని సూట్‌కేసు అలా ఇమడదు. కనుక డిక్కీ గడప ఎంత ఎత్తున ఉన్నది, నోరు ఎంత వెడల్పు, లోపల చక్రాల ఉబ్బు ఎంత అన్నవి లీటర్లకంటె ముఖ్యం. వేసవిలో విజయనగరంనుంచి ఆవకాయ జాడీ తెచ్చేవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు.

పొడవు సంగతిలో ప్రభుత్వపు చేయి కూడా ఉన్నది. 2006-07 కేంద్ర బడ్జెటులో నాలుగు మీటర్లకు మించని, పెట్రోలు ఇంజను 1,200 సీసీకి, డీజిలు ఇంజను 1,500 సీసీకి లోబడిన కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 శాతంనుంచి 16కు తగ్గించారు. నాటినుంచి మన దేశపు కార్లు నాలుగు మీటర్ల గీత దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డాయి. నెక్సాన్ పొడవు 3,995 మి.మీ. బ్రెజాదీ అంతే, ఫ్రాంక్స్‌దీ అంతే. ఒకనాడు 4.1 మీటర్లుండిన బొలెరో సయితం ఇప్పుడు 3,995కే పరిమితమయింది. 2025 సెప్టెంబరు 22న అమలులోకి వచ్చిన జీఎస్టీ మార్పులలో కూడా ఆ గీత చెరిగిపోలేదు: లోపలివాటికి 18 శాతం, దాటినవాటికి 40 శాతం. అంటే గీత ఇవతలి 'పెద్ద బండి' ఎంత గంభీరంగా కనబడినా, పొడవులో అది చట్టరీత్యా చిన్న కారే. ఆ పొడవులోనే ముందు ఎత్తైన బానెట్, పెద్ద టైర్లు ఇమడాలి. అవి తీసుకున్న ప్రతి అంగుళమూ ఎవరో ఒకరి మోకాళ్ళది.

గీత అవతలివాటి మాట? సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర ఉన్న కియా కర్మాగారంనుంచి 2019 ఆగస్టులో మార్కెట్టుకు వచ్చిన తొలి సెల్టోస్ పొడవు 4,315 మి.మీ. ఇరుసుల మధ్య దూరం 2,610. బలేనోతో పోలిస్తే బయట 325 మి.మీ. పెరిగితే ఇరుసుల మధ్య పెరిగినది 90 మాత్రమే. మిగిలినదాంట్లో కొంత డిక్కీకి దక్కింది. అది 433 లీటర్లు, నిజంగానే పెద్దది. మోకాళ్ళకు అందిన వాటా మాత్రం చూసేవారు ఊహించినంత కాదు.

"మూడో వరుస ఉంటే బంధువులు వచ్చినప్పుడు పనికివస్తుంది" అన్న మాటకు లొంగని ఇల్లు అరుదు. నాలుగు మీటర్లలోపే ఏడుగురిని కూర్చోబెట్టిన ట్రైబర్ చాతుర్యాన్ని మెచ్చుకోక తప్పదు. కాని ఏడుగురూ కూర్చున్నప్పుడు డిక్కీ 84 లీటర్లు, అంటే ఒక పెద్ద సూట్‌కేసు కూడా నమ్మకంగా పట్టదు. చివరి వరుసను ఊడదీస్తే అదే 625 లీటర్లు. 4.4 మీటర్ల ఎర్టిగాలో మూడు వరుసలూ నిండితే మిగిలేది 209 లీటర్లు. ఏడుగురు మనుషులు, ఏడుగురి సామాను: ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. పైగా మూడో వరుస వెనుక ఇరుసు మీదనో, దాని చేరువనో ఉంటుంది. నేల ఎత్తు, సీటు పొట్టి. మోకాళ్ళు గడ్డానికి చేరువవుతాయి, తొడలకింద ఆసరా ఉండదు. బొలెరోలో వెనుక ఎదురెదురుగా అమర్చిన పక్కవాటు సీట్ల మీద సుంకి ఘాటు దిగినవారికి బ్రేకు వేసినప్పుడల్లా ఎటు ఒరుగుతారో తెలిసే ఉంటుంది. ఏటా రెండుసార్లు వచ్చే బంధువుల కోసం ఏడాదంతా ఆ ఖాళీ సీట్లను డీజిలు పోసి మోయడం ఎంతవరకు సబబన్నది ఇంటి యజమానులే తేల్చుకోవాలి. బంధువులను అడగడం మాత్రం క్షేమం కాదు.

ఇంతవరకు చెప్పినది నిలిచి ఉన్న కారు సంగతి. కదిలే కారులో లెక్కలు మారతాయి.

చక్రం గోతిలో పడినప్పుడు ముందు భాగం దిగుతుంది, రెప్పపాటులో వెనుక భాగం దిగుతుంది. ఇరుసుల మధ్య దూరం ఎక్కువైనకొద్దీ ఈ ముందువెనుకల ఊపు తగ్గుతుంది. ఆల్టో కె10కు ఆ దూరం 2,380 మి.మీ., స్కార్పియో-ఎన్‌కు 2,750. రెండు ఇరుసులకూ నడుమ కూర్చున్నవారికి కుదుపు తక్కువ, ఇరుసు మీద కూర్చున్నవారికి ఎక్కువ. ఈ విషయంలో పెద్ద బండిది పైచేయి, చివరి వరుసలో కూర్చోకపోతేనే. స్ప్రింగుల సంగతి ఇంకొకటి. బరువు మోయడానికి చేసిన బండికి, ఉదాహరణకు వెనుక కమాను పట్టీలు గల బొలెరోకు, స్ప్రింగులు గట్టిగా ఉంటాయి. ఏడుగురు ఎక్కితే అది సాధువు, ఇద్దరే ఎక్కితే గంతులు వేస్తుంది. మనిషి శరీరం సెకనుకు ఒకటి, ఒకటిన్నరసార్లు ఊగే ఊపును ఇంచుమించు నడకలాగే సహిస్తుంది. నాలుగునుంచి ఎనిమిదిసార్లు వణికే నిలువు కంపనం మాత్రం కడుపులోకీ వెన్నులోకీ దిగుతుంది. మంచి సస్పెన్షన్ పని ఈ రెండవదానిని మొదటిదానిగా మార్చడమే.

ఘాటులో సమస్య వేరు. కొరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్నది. సాలూరు కొండల పాదాల దగ్గరి మైదానంలో ఉన్నది. ఆ దిగుడులో మలుపు వెంట మలుపు. ఎత్తైన బండి మలుపులో పక్కకు ఒరుగుతుంది, సీటు ఎంత ఎత్తున ఉంటే తల అంత దూరం ఊగుతుంది. వాంతులు తెప్పించేది వేగంగా వచ్చే కుదుపు కాదు. నాలుగైదు సెకన్లకొకసారి వచ్చే నెమ్మది ఊపు, దానికి తోడు ముందున్న రోడ్డు కనపడకపోవడం. కళ్ళు సీటు వెనుకభాగాన్ని చూస్తూ "మనం కదలడం లేదు" అంటాయి. చెవిలోని సమతౌల్య యంత్రం "పక్కకు పోతున్నాం" అంటుంది. ఈ తగాదా కడుపు తీరుస్తుంది. ఇక్కడే నేటి ఎస్‌యూవీల రూపంలో ఒక చిక్కు ఉన్నది. చూపులకు బలంగా ఉండాలని తలుపుల రేకును ఎత్తుకు లేపి, కిటికీలను సన్నబరిచి, వెనుకకు పోయేకొద్దీ పైకి వంచుతున్నారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడి కళ్ళు ఆ కిటికీ అంచుకు అందకపోవచ్చు. పెద్ద కిటికీల పొట్టి కారులో వాడు లోయనూ లారీలనూ చూస్తూ హుషారుగా ఉంటాడు. గొప్ప బండిలో తలుపు రేకును చూస్తూ సాలూరు చేరేసరికి వాడిపోతాడు. లారీల ఊరిగా పేరుపొందిన సాలూరులో నిమ్మకాయ సోడాకు గిరాకీ ఉండడంలో వింత లేదు.

పెద్ద బండిని ఊరికే నిందించడం న్యాయం కాదు. బస్తరులో వర్షాలు కురిసినప్పుడు వాగు మీద నీరు పారే దారులుంటాయి, ముక్కలైన రోడ్లుంటాయి. ఐదుగురు ఎక్కి డిక్కీ నిండిన చిన్న కారు అడుగుభాగం కిందికి దిగి, ప్రతి గతుకుకూ నేలను ముద్దాడుతుంది. ఆ శబ్దం వింటూ ఏడు గంటలు కూర్చోవడం కూడా ఒక అసౌఖ్యమే. 208 మి.మీ. నేల ఎడం ఉన్న నెక్సాన్ వంటి బండి డ్రైవరుకు ఆ బెంగ ఉండదు. ఎత్తున కూర్చుంటే దూరం కనిపిస్తుంది, అలసట తగ్గుతుంది. ఊళ్ళ లోపలికి పోయే ఉద్యోగులు జీపు జాతిని వదలకపోవడానికి కారణం దర్పం కాదు, దారి. అయితే నగర్‌నార్‌నుంచి విశాఖకు పోయేది జాతీయ రహదారి. మీ చక్రాలు ఏడాదిలో ఎన్ని రోజులు తారు దిగుతాయన్నది ఎవరికి వారు వేసుకోవలసిన లెక్క.

అన్నిటికంటె తక్కువగా అడిగే ప్రశ్న, ఆ ఇంటి తల్లికి సంబంధించినది. ఎక్కడం, దిగడం. మోకాళ్ళు నొప్పులున్నవారికి ఆల్టో వంటి కిందికున్న సీటు ఒక బావి. దిగబడేటప్పుడు బరువంతా మోకాళ్ళ మీద, లేచేటప్పుడు అంతకు రెట్టింపు. స్కార్పియో వంటిది ఒక అటక. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకొని, మరొక చేత్తో పిడి అందుకొని, ఒక కాలి మీద శరీరాన్నంతా పైకి లేపాలి. రెండూ ఆమెకు శిక్షే. నిలబడిన మనిషి వెనుకకు తిరిగి, వంగకుండా, ఎక్కకుండా తుంటిని అలా ఆనిస్తే సీటు ఉండే ఎత్తే సరైనది. ముందు కూర్చొని, తరువాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. దానికి తలుపు వెడల్పుగా తెరుచుకోవాలి, గడప పలుచగా ఉండాలి, కప్పు తలకు తగలకూడదు. ఈ లక్షణాలు ఎత్తైన చిన్న కార్లలోనూ, కార్ల వంశపు పొట్టి ఎస్‌యూవీలలోనూ ఎక్కువగా దొరుకుతాయి. మరీ చిన్నవాటిలోనూ మరీ పెద్దవాటిలోనూ దొరకవు.

కాగితం మీది అంకెలతో ఈ పరీక్ష జరగదు. మన దేశంలో కంపెనీలు పొడవు, వెడల్పు, ఎత్తు, డిక్కీ లీటర్లు ప్రకటిస్తాయి. మోకాలి చోటు, భుజాల చోటు చాలావరకు ప్రకటించవు. అమెరికాలో ప్రభుత్వం కార్లను లోపలి ఘనపరిమాణాన్ని బట్టే తరగతులుగా విభజిస్తుంది. మనుషుల చోటూ సామాను చోటూ కలిపి 100 ఘనపుటడుగులకు తక్కువైతే ఒక పేరు, 120 దాటితే మరొక పేరు. మన కొనుగోలుదారుకు ఆ సాయం లేదు కనుక, ఇంటిల్లిపాదీ జగదల్‌పూర్ షోరూముకు వెళ్ళవలసిందే. సాధారణంగా ఇంటి యజమాని ఒక్కడే వెళ్ళి, డ్రైవరు సీటులో కూర్చొని, స్టీరింగు తిప్పి మురిసి వస్తాడు. సుఖంగా ఉండే ఆ సీటు ప్రతి కారులోనూ సుఖంగానే ఉంటుంది.

సరైన వరుస దీనికి విపర్యయం. ముందుగా తండ్రి తనకు అనువుగా ముందు సీటును సర్దుకోవాలి, ఆపైన దిగి అదే సీటు వెనుక తనే కూర్చోవాలి. ముందు సీటు కింద పాదాలు దూరుతున్నాయా, తొడలు సీటు మీద ఆనుతున్నాయా, గాలిలో తేలుతున్నాయా చూడాలి. ఇద్దరు పిల్లల నడుమ తల్లి కూర్చుని చూడాలి. నడిమి సీటు వీపు మెత్తగా ఉన్నదా, మడిచిన చేతిపిడి గట్టిగా తగులుతున్నదా అన్నది అప్పుడే తెలుస్తుంది. పిల్లవాడిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి "ఏం కనిపిస్తోందిరా?" అని అడగాలి. ఇంటినుంచి రెండు సూట్‌కేసులు తీసుకుపోయి డిక్కీలో పెట్టి చూడాలి. సేల్స్‌మన్ నవ్వితే నవ్వనీయవచ్చు.

ఈ పరీక్షలన్నీ చేసిన ఐదుగురి కుటుంబం, చాలావరకు, ఏడు సీట్ల పెద్ద బండి దగ్గర ఆగదు. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నంతకాలం ఎత్తైన చిన్న కారు చాలు. కూతురికి పదిహేడేళ్ళు వచ్చేసరికి వెనుక సీటు నడుమ భుజాల తగవు మొదలవుతుంది. కారును పదేళ్ళు వాడదలచినవారు ఆ తగవును ఇప్పుడే లెక్కలో వేసుకొని, నాలుగు మీటర్ల గీత ఇవతలే వెడల్పైన బండిని ఎంచుకోవడం తెలివితక్కువ కాదు.

అయితే మొదట తలుపు తెరవవలసింది మాత్రం తల్లికే. ఆమె ఒక కారు గుమ్మం దగ్గర నిలబడి, కొడుకు చేయి అందుకోకుండా కూర్చొని, కాళ్ళు లోపలికి తిప్పుకొని, "దీంట్లో ఫరవాలేదు నాయనా" అన్నదంటే, ఆ తరువాత తక్కిన నలుగురూ వాదించుకోవలసింది రంగును గురించే.